ఏ విండోలో ఉన్నామో చూడగానే తెలియాలంటే: కంప్యూటర్‌లో విండోల రూపం మార్చుకోవడం ఎలా?

తెరపై నాలుగైదు విండోలు ఒకదానిపై ఒకటి పరుచుకుని ఉన్నప్పుడు, టైపు చేస్తే అక్షరాలు ఎందులో పడతాయో చూపు పడగానే తెలియాలి. విండోల రూపం మార్చుకోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. వాల్‌పేపర్ కంటికి సంబరం, అంతే. పని సాఫీగా సాగడానికి ఉపయోగపడేవి విండో పై పట్టీ, అంచు, నీడ. ఇక్కడ చెప్పేవి విండోస్ 11కు సంబంధించినవి.

ముందు రంగు సంగతి చూద్దాం. విండోస్ మీట పట్టుకుని ‘ఐ’ నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో పర్సనలైజేషన్, ఆ తర్వాత కలర్స్ ఎంచుకోండి. మొదట కనిపించేది మోడ్: లైట్, డార్క్, కస్టమ్. డార్క్ మోడ్ చూడటానికి బాగానే ఉంటుంది కానీ, రెండు నల్లటి విండోలు పక్కపక్కన చేరితే ఒకటి ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. దానికి విరుగుడు అదే పేజీ కింద ఉంది. ‘షో యాక్సెంట్ కలర్ ఆన్ టైటిల్ బార్స్ అండ్ విండోస్ బోర్డర్స్’ అన్న మీటను ఆన్ చేయండి. దాని పైనే ఉన్న యాక్సెంట్ కలర్‌ను మాన్యువల్‌కు మార్చి మీకు నచ్చిన రంగు ఎంచుకోండి. ఆటోమేటిక్‌లో వదిలేస్తే వాల్‌పేపర్ మారినప్పుడల్లా రంగు కూడా మారిపోతుంది. కంటికి ఒక రంగు అలవాటు పడే అవకాశమే ఉండదు.

ఇప్పుడు వాడుతున్న విండోకు మాత్రమే ఆ రంగు వస్తుంది, మిగిలినవి వెలవెలబోతాయి. కావలసింది సరిగ్గా ఇదే. అయితే కొన్ని బ్రౌజర్లు, కొన్ని ఆఫీసు ప్రోగ్రాములు తమ పై పట్టీని తామే గీసుకుంటాయి కాబట్టి ఈ రంగును పట్టించుకోకపోవచ్చు. వాటి రూపాన్ని వాటి సొంత సెట్టింగ్స్‌లోనే మార్చాలి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే టూల్‌బార్‌ను కస్టమైజ్ చేసే పేజీలో టైటిల్ బార్ అన్న గడికి టిక్ పెడితే మామూలు పట్టీ తిరిగి వస్తుంది.

వాడని విండోల పట్టీకి కూడా మీకు నచ్చిన రంగు కావాలంటే సెట్టింగ్స్‌లో దారి లేదు, విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లాలి. రిజిస్ట్రీ అంటే జంకు ఉన్నవారు ఈ భాగం వదిలేసినా నష్టం లేదు.

1. స్టార్ట్‌లో రిజిస్ట్రీ ఎడిటర్ అని వెతికి తెరవండి. ముందుగా ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో ఒక నకలు దాచుకోండి.
2. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, డీడబ్ల్యూఎం అనే వరుసలో లోపలికి వెళ్లండి.
3. కుడివైపు ఖాళీలో రైట్ క్లిక్ చేసి, కొత్తగా 32 బిట్ల డీవర్డ్ విలువ సృష్టించండి. దాని పేరు యాక్సెంట్ కలర్ ఇనాక్టివ్. మూడు మాటలనూ ఖాళీ లేకుండా కలిపి, కలర్‌ను అమెరికన్ స్పెల్లింగ్‌తో ఇంగ్లిష్‌లో రాయాలి.
4. దానిపై రెండుసార్లు క్లిక్ చేసి, హెక్సాడెసిమల్ ఎంచుకుని 606060 అని ఇవ్వండి. ముదురు బూడిద రంగు వస్తుంది. వేరే రంగు కావాలంటే ఇక్కడ వరుస తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోండి: ముందు నీలం, తర్వాత ఆకుపచ్చ, చివర ఎరుపు.

మార్పు కనిపించకపోతే ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ రండి.

ఇక నీడలు, కదలికలు. విండోస్ మీట పట్టుకుని ‘ఆర్’ నొక్కితే వచ్చే రన్ పెట్టెలో సిస్‌డీఎం.సీపీఎల్ (sysdm.cpl) అని ఇంగ్లిష్‌లో టైపు చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కండి. ‘షో షాడోస్ అండర్ విండోస్’ తప్పకుండా ఉంచుకోండి. విండో అంచును వెనక ఉన్నదాని నుంచి వేరు చేసేది ఆ నీడే. విండోలు కిందికి జారుతూ మాయమయ్యే యానిమేషన్ తీసేస్తే కంప్యూటర్ చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ‘అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్’ జోలికి మాత్రం వెళ్లవద్దు. అది అక్షరాల అంచుల నునుపును కూడా తీసేస్తుంది, చదవడం శిక్షలా ఉంటుంది.

మళ్లీ సెట్టింగ్స్‌కు వస్తే, యాక్సెసిబిలిటీలోని విజువల్ ఎఫెక్ట్స్‌లో స్క్రోల్‌బార్లు ఎప్పుడూ కనిపించేలా చేయవచ్చు, పారదర్శకతను ఆపేయవచ్చు. యాక్సెసిబిలిటీలోనే ఉన్న టెక్స్ట్ సైజ్ పేజీలో అక్షరాలను 225 శాతం దాకా పెంచవచ్చు. చూపు మందగించిన వారికి కాంట్రాస్ట్ థీమ్‌లు ఉన్నాయి: అక్వాటిక్, డెజర్ట్, డస్క్, నైట్ స్కై. వీటిలో ఎడిట్ నొక్కి నేపథ్యం, అక్షరాలు, లింకుల రంగులను విడివిడిగా మార్చుకోవచ్చు. విండోస్ 7 వరకు క్లాసిక్ అనే పాత రూపానికీ ఈ స్వేచ్ఛ ఉండేది; 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు తీసేశారు. ఎందుకు తీసేశారో గానీ, వాడేవారికి అది నష్టమే.

ఆ లోటు తీరుస్తామంటూ బయటి థీమ్‌లు చాలా దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం లేని విజువల్ స్టైల్‌ను, అంటే విండోల రూపాన్ని నిర్ణయించే ఫైలును, విండోస్ ఒప్పుకోదు. కాబట్టి వాటి కోసం సిస్టమ్ ఫైళ్లనే మార్చాల్సి వస్తుంది, తర్వాత వచ్చే అప్‌డేట్‌తో అంతా తారుమారు కావచ్చు. రోజూ పనిచేసే కంప్యూటర్‌లో ఇది వద్దు. అంత సరదా ఉంటే లినక్స్‌లో కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ వాడి చూడండి: సిస్టమ్ సెట్టింగ్స్‌లోని విండో డెకరేషన్స్‌లో అంచు మందం, పట్టీ ఆకృతి మారతాయి, మూసే గుర్తును మౌస్‌తో లాగి ఎడమవైపు పెట్టుకోవచ్చు. మ్యాక్‌లో పట్టీకి రంగు వేసే వీలు లేదు. యాక్సెసిబిలిటీలోని డిస్‌ప్లే పేజీలో పారదర్శకత తగ్గించి, కాంట్రాస్ట్ పెంచుకోవడంతో సరిపెట్టుకోవాలి.

విండోస్‌లో అంతా కుదిరాక పర్సనలైజేషన్‌లోని థీమ్స్‌కు వెళ్లి సేవ్ నొక్కి పేరు పెట్టండి. వాల్‌పేపర్, రంగులు, శబ్దాలు, మౌస్ కర్సర్ అందులో చేరతాయి. అక్షరాల పరిమాణం, నీడలు, యానిమేషన్లు చేరవు. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు వాటిని మళ్లీ మార్చుకోవాలి.