మేత పరీక్ష, 4వ పాఠం: నీళ్లు తీసేశాక పోల్చండి

ఈసారి గడ్డివాము లోపలి నుంచి నమూనా తీయడం చెప్పాలనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠంలో ఇచ్చిన, మేతలో నీరెంతో తేల్చే తేమ లెక్కకు మీరు పంపిన అంకెలు చూశాక ముందుకు వెళ్లడం సబబు అనిపించలేదు. సగానికి పైగా తప్పాయి. అందులో నా పొరపాటూ ఉంది. గడ్డిని "బాగా ఆరేదాకా" ఎండబెట్టి తూచమని రాశానే గానీ, బాగా అంటే ఎంతో చెప్పలేదు.

సూపర్ నేపియర్ అనే పచ్చిమేత గడ్డిలో పొడి పదార్థం, అంటే నీళ్లన్నీ పోగా మిగిలేది, 40 శాతం వచ్చిందని ముగ్గురు రాశారు. అప్పుడే కోసిన పచ్చిగడ్డిలో అంత ఉండదు. 45 రోజుల నేపియర్‌లో సుమారు 18 నుంచి 20 శాతం ఉంటుంది, మిగతాదంతా నీరే. ఏం చేశారని అడిగితే, ఒక పూట ఎండబెట్టాం, చేత్తో నలిపితే పెళపెళలాడింది అన్నారు. పెళపెళలాడింది ఆకు. కాండాన్ని కణుపు దగ్గర విరిచి చూడాలి. లోపల తెల్లటి బెండు మెత్తగా ఉండి, గోరుతో నొక్కితే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మంతా మీ తూకంలో గడ్డి కింద లెక్కకొచ్చింది. అందుకే గడ్డిని అంగుళం ముక్కలు చేయాలి, లావు కాండాన్ని నిలువునా చీల్చాలి.

ఒకరు పెనం మీద వేయించారు. కమ్మటి వాసన వచ్చిందట. వాసన వచ్చిందంటే నీటితో పాటు గడ్డి కూడా మాడుతోందన్నమాట. ఆ అంకె కొట్టేయండి. ఇంకొకరు నమూనాను పాలిథిన్ కవర్‌లో కట్టి రెండు రోజుల తర్వాత తూచారు. కోసిన గడ్డి కవర్‌లో ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడెక్కుతుంది, దానిలోని చక్కెరలు తరిగిపోతాయి. కోసిన గంటలోపే తూచండి.

నాకు నచ్చిన పద్ధతి మైక్రోవేవ్. సరిగ్గా 100 గ్రాములు తూచి పింగాణీ పళ్లెంలో పరచండి. పళ్లెం బరువు ముందే రాసి పెట్టుకోండి. పక్కన గ్లాసుడు నీళ్లు తప్పకుండా పెట్టాలి, లేకపోతే చివర్లో గడ్డి అంటుకుంటుంది. మొదట మూడు నిమిషాలు, తర్వాత ఒక్కో నిమిషం, ఆఖరున అరనిమిషం చొప్పున నడిపి ప్రతిసారీ తూచండి. వరసగా రెండు తూకాలు ఒక్కటే వస్తే ఆరినట్టు. మిగిలిన గ్రాములే పొడి పదార్థం శాతం. మైక్రోవేవ్ లేనివాళ్లు మంచి ఎండలో మూడు రోజులు ఆరబెట్టి, వచ్చిన తూకాన్ని 0.9తో గుణించండి. ఎండకు ఎంత ఆరినా పది శాతం దాకా తేమ మిగులుతుంది. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ రెండో పద్ధతి వద్దు. తూకానికి వంటింటి డిజిటల్ కాటా వాడండి, కొక్కెం కాటా పనికిరాదు.

ఇక అసలు విషయం. మీలో ఒకరు ల్యాబ్ కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి, "వరిగడ్డిలో ప్రోటీన్ 3.6 శాతం, నేపియర్‌లో 1.8 శాతమే. మరి ఈ నేపియర్‌కు నీళ్లు పారించడం దేనికి?" అని అడిగారు. ఈ ప్రశ్న ఏళ్ల తరబడి వింటున్నాను. దీన్ని నమ్మి పచ్చిగడ్డి మడి దున్నేసినవాళ్లను చూశాను. అందుకే ఈ ఒక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

బియ్యంలో ప్రోటీన్ సుమారు 7 శాతం. అదే బియ్యం వండితే అన్నంలో రెండున్నర శాతమే. వండితే ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, నీళ్లు కలిశాయంతే. ఎండిన వరిగడ్డి బియ్యం లాంటిది, పచ్చి నేపియర్ అన్నం లాంటిది. రెంటినీ పోల్చాలంటే ముందు నీళ్లు తీసేయాలి.

కాగితం మీది అంకెను పొడి పదార్థం శాతంతో భాగించి 100తో గుణించండి. నేపియర్: 1.8ని 20తో భాగిస్తే, వందతో గుణిస్తే 9 శాతం. వరిగడ్డిలో పొడి పదార్థం 90 శాతం: 3.6ని 90తో భాగిస్తే, వందతో గుణిస్తే 4 శాతం. లెక్క తిరగబడింది చూడండి.

ఇదే లెక్క పశువు ముందు పెడదాం. 400 కిలోల గేదె రోజుకు సుమారు పది కిలోల పొడి పదార్థం తింటుంది. అంత వరిగడ్డి రూపంలో ఇస్తే 11 కిలోలు, దాంట్లో ప్రోటీన్ 400 గ్రాములు. నేపియర్ రూపంలో ఇస్తే 50 కిలోలు, ప్రోటీన్ 900 గ్రాములు. కడుపులోని సూక్ష్మజీవులు పని చేయాలంటే మేత మొత్తం పొడి పదార్థంలో కనీసం 7 శాతం ప్రోటీన్ కావాలి. అంతకంటే తగ్గితే గడ్డి ఎంత వేసినా పశువు తినడమే తగ్గిస్తుంది. ఒట్టి వరిగడ్డి మీద ఉన్న గేదె గాటిలో మేత వదిలేసేది ఇందుకే.

పప్పుజాతి పచ్చిమేత అయిన దశరథ గడ్డిని కూడా చూడండి. కాగితం మీద 3.6 అని ఉంటే వరిగడ్డితో సమానం అనిపిస్తుంది. పొడి పదార్థం 20 శాతమే కాబట్టి అసలు అంకె 18. నేను పాడి గేదెకు 25 కిలోల నేపియర్, 10 కిలోల దశరథ గడ్డి, మూడు కిలోల పైచిలుకు వరిగడ్డి వేస్తాను. పొడి పదార్థం లెక్కన ప్రోటీన్ మొత్తం మీద 9 శాతం దాటుతుంది. దాణా దీనికి అదనం.

సైలేజి, అంటే గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత, కొనేవాళ్లకు ఇది డబ్బు లెక్క కూడా. ఒకరు కిలో 7 రూపాయలకు అమ్ముతున్నారు, పొడి పదార్థం 30 శాతం. ఇంకొకరు 6 రూపాయలకే ఇస్తున్నారు, పొడి పదార్థం 22 శాతం. మొదటిదానిలో పొడి పదార్థం కిలో 23 రూపాయలు పడుతుంది, రెండోదానిలో 27 రూపాయలు. చవక అనుకున్నది ఖరీదైంది.

కాగితం మీద "యాజ్ ఫెడ్" లేదా "యాజ్ రిసీవ్డ్" అని ఉంటే అది నీళ్లతో కలిపిన అంకె. "డ్రై మ్యాటర్ బేసిస్" అని ఉంటే నీళ్లు తీసేసిన అంకె. ఏదీ రాయకపోతే అడగకుండా ఇంటికి తీసుకురాకండి.

యూరియా వేసి మాగబెట్టిన వరిగడ్డికి ప్రోటీన్ 7, 8 శాతం వచ్చిందని సంబరపడినవాళ్లకు ఒక మాట. ల్యాబ్ ప్రోటీన్‌ను నేరుగా కొలవదు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది. 1883లో డెన్మార్క్‌లో యోహాన్ కెల్డాల్ నత్రజని కొలిచే పద్ధతి కనిపెట్టాడు, ఇప్పటికీ చాలా ల్యాబుల్లో అదే వాడతారు. యూరియాలోని నత్రజని కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అది సూక్ష్మజీవులకు పనికొచ్చేదే గానీ, దశరథ గడ్డి నుంచి వచ్చే అంతే ప్రోటీన్‌తో సమానం కాదు.

ఈసారి అభ్యాసం పెద్దది. ఏడు రోజులు ఒకే పశువుకు వేసిన ప్రతి మేతనూ తూచండి. మర్నాడు పొద్దున గాటిలో మిగిలిందాన్ని కూడా తూచండి. వేసినదానికీ, మిగిలినదానికీ విడివిడిగా పొడి పదార్థం కట్టండి. మిగిలినదాంట్లో ఆకులెన్ని, కాండాలెన్ని అని వేరు చేసి రాయండి. ఏడు రోజుల పట్టిక పూర్తయ్యాకే పంపండి. వాము నమూనా పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.