పనికి పోయేవాళ్లు కోళ్లు పెంచాలంటే ముందు మధ్యాహ్నం సంగతి చూసుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప వైపు పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటికి తాళం వేసి, సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చే ఇళ్లలో కూడా ఐదు కోళ్లను హాయిగా పెంచుకోవచ్చు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, ఆదివారం ఒక అర్ధగంట చాలు. కానీ ఈ లెక్క నిలబడాలంటే ఒక విషయం ముందే తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో మనిషి లేకుండా కోళ్లు తమంతట తాము తట్టుకోగలగాలి. వడదెబ్బకు కోడి పోయేది ఆ వేళలోనే. అందుకే గూడు ఎక్కడ కట్టాలి, నీళ్లు దేంట్లో పెట్టాలి, మేత ఎప్పుడు వేయాలి అన్నవన్నీ ఆ నాలుగు గంటలను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోవాలి.

ఏ కోళ్లు కొనాలి

ఒకరోజు పిల్లల జోలికి పోవద్దు. వాటికి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పగలంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పని అది. పదహారు, పద్దెనిమిది వారాల పెట్టలు కొనండి. ధర ఎక్కువే గానీ, నెలా రెండు నెలల్లో గుడ్డు మొదలవుతుంది. కొనేటప్పుడు ఏ టీకాలు వేశారో అడిగి రాసుకోండి. పుంజు అక్కర్లేదు. గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, పిల్లలు కావాలంటేనే దాని అవసరం. తెల్లవారుజామున నాలుగింటికి కూత లేకపోతే పక్కింటివాళ్లతో పేచీ కూడా ఉండదు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. వనరాజ ఒళ్లు బరువు, మాంసానికీ పనికొస్తుంది. గ్రామప్రియ తేలిక, గుడ్లు ఎక్కువ. బాగా మేపితే ఏడాదికి 200 దాకా పెడుతుంది. నాటుకోడి యాభై, అరవై గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. మధ్యాహ్నం మనిషి ఉండని ఇంటికి గ్రామప్రియే సరైనది. బరువైన కోడి ఎండకు తొందరగా దెబ్బతింటుంది.

గూడు

మిద్దె మీద పెట్టొద్దు. పగలు కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి చిమ్ముతూనే ఉంటుంది. ఇంటికి తూర్పు వైపు పెరడు ఉంటే అదే మంచి చోటు, ఎందుకంటే మధ్యాహ్నం దాటాక గోడ నీడే గూటి మీద పడుతుంది. వేపచెట్టో, కానుగచెట్టో ఉంటే ఇంకా మేలు.

ఐదు కోళ్లకు రాత్రి గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటే చాలు. దానికి ఆనించి 8 అడుగులు, 5 అడుగుల జాలీ ఆవరణ కట్టండి. ఆవరణకు పైన కూడా జాలీ వేయాలి. అప్పుడు గూటి తలుపు తెరిచి ఉంచినా గద్ద, కుక్క, పిల్లి లోపలికి రాలేవు, మీరు ఆలస్యంగా వచ్చినా కంగారు ఉండదు. ఆరు మూలల సన్న కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచగలదు గానీ కుక్కను బయట ఆపలేదు. అర అంగుళం వెల్డ్ మెష్, అంటే తీగలు అతికి చేసిన గట్టి జాలీ వాడండి. ముంగిస, పాము రాకుండా ఆపేది అదే.

అడుగున పందికొక్కు తవ్వుకుని వస్తుంది. దీనికి మన సీమలోనే మంచి మందుంది: బండలు. గూటి నేలకు కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి సందుల్లో సిమెంటు పూయండి. ఆవరణ చుట్టూ అడుగు లోతున బండ ముక్కలు నిలబెట్టి పూడ్చండి. ఒక్క జాగ్రత్త, నల్లబండ నేరుగా ఎండకు పెనంలా కాలుతుంది. నీడ పడని చోట బండ పరచొద్దు.

రేకు ఒక్కటే కప్పితే గూడు పొయ్యి అవుతుంది. రేకుకు సున్నం కొట్టి, మీద ఆరంగుళాల మందాన బోదగడ్డి గానీ కొబ్బరి మట్టలు గానీ వేయండి. గడ్డిలో పాములు, ఎలుకలు చేరతాయి కాబట్టి రేకుకూ గోడకూ మధ్య సందులన్నీ అదే మెష్‌తో మూయాలి. గోడలు అడుగు ఎత్తు దాకా కట్టి, ఆ పైన నాలుగు పక్కలా మెష్ వదిలేయండి. గాలి ఆడని గూట్లో నీడ ఉన్నా లాభం లేదు.

లోపల కోళ్లు ఎక్కి పడుకోవడానికి రెండంగుళాల వెడల్పు కర్ర, నేల నుంచి రెండడుగుల ఎత్తులో కట్టండి. కోడికి తొమ్మిది, పది అంగుళాల చోటు కావాలి కాబట్టి నాలుగడుగుల కర్ర మీద ఐదూ పడతాయి. గుడ్లు పెట్టే పెట్టెలు ఈ కర్ర కంటే కిందే ఉండాలి. పెట్టెలు పైన ఉంటే రాత్రి వాటిలోనే పడుకుని గుడ్లన్నీ రెట్ట చేస్తాయి. పెట్టెకు కొత్తగా ఖర్చెందుకు, మార్కెట్‌లో పాత టమోటా క్రేటు దొరుకుతుంది. పక్కకు పడేసి, ముందు నాలుగంగుళాల చెక్క అడ్డం కట్టి, లోపల ఎండుగడ్డి వేస్తే సరి. ఐదు కోళ్లకు రెండు చాలు.

నేల మీద నాలుగంగుళాల మందాన వరి ఊక గానీ శెనక్కాయ పొట్టు గానీ పరవండి. శెనక్కాయ పొట్టు మిల్లుల దగ్గర చౌకగా దొరుకుతుంది, తేమను బాగా పీలుస్తుంది. వాసన చూసి కొనండి. ముక్క వాసన వస్తే అందులో బూజు ఉన్నట్టే, ఆ దుమ్ము కోళ్ల ఊపిరితిత్తులకు పట్టుకుంటుంది.

నీళ్లు

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, గొంతు తడి ఆవిరి చేసుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అందుకే మామూలు రోజుల్లో పావు లీటరు తాగే కోడి ఎండాకాలంలో అర లీటరు దాకా తాగుతుంది. ఐదింటికి రెండున్నర లీటర్లు. ఒలికేది, ఆవిరయ్యేది కలిపి ఐదు లీటర్లు ఉంచాలి. నీళ్లు ఉండటమే కాదు, చల్లగా ఉండాలి. కాగిన నీళ్లను కోడి ముట్టదు. దాహంతోనే నిలబడి ఉంటుంది.

ప్లాస్టిక్ బకెట్టుకు నిపుల్స్, అంటే కోడి పొడిస్తే నీటి చుక్క వదిలే చిన్న పిన్నులు బిగించడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. నీళ్లు మురికి కావు, నిజమే. కానీ మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. రెండు నెలల్లో నిపుల్ లోపల తెల్లటి పొర కట్టి పిన్ను కదలదు. బకెట్టు నిండుగానే కనిపిస్తుంది, కోళ్లకు చుక్క దొరకదు. వాడాలనుకుంటే మూడు కోళ్లకు ఒక నిపుల్ పెట్టి, ఆదివారం ఆదివారం ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూడండి. నెలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టండి.

ఎండాకాలానికి మట్టికుండను మించింది లేదు. గాలి పొడిగా ఉండే సీమలో కుండ గోడల్లోంచి ఊరిన నీరు వేగంగా ఆవిరై లోపలి నీళ్లను చల్లగా ఉంచుతుంది. వెడల్పు మూతి కుండలు రెండు తీసుకుని, మెడ దాకా ఇసుకలో పాతకుండా సగం బయటికి ఉంచండి, ఆ సగానికీ గాలి తగలాలి. మూతి మీద రెండు కర్రలు అడ్డంగా కడితే కోడి లోపలికి దిగదు. కుండలు రెండెందుకంటే, ఒకటి దొర్లినా రెండోది ఉంటుంది. మనిషి లేని ఇంట్లో నీళ్లు ఒకే చోట పెట్టడమంత పొరపాటు ఇంకోటి లేదు.

పడమటి వైపు మెష్‌కు గోనెపట్ట వేలాడదీసి తడపండి. ఎనిమిదిన్నరకు తడిపితే పదకొండుకే ఎండిపోతుంది. కాబట్టి గోనె పైన ఐదు లీటర్ల క్యాను కట్టి, అందులోంచి నూలుగుడ్డ పీలిక ఒకటి గోనె మీదికి వేలాడదీయండి. పీలిక నీళ్లు లాగి గోనెను తడుపుతూ ఉంటుంది. క్యాను నాలుగింటి దాకా వస్తోందో లేదో ఒక ఆదివారం చూసుకుని పీలిక లావు మార్చండి. కారే నీళ్లు గూటి బయటే పడాలి. లోపలి ఊక తడిస్తే వాసన, ఈగలు, వాటితో పాటు రోగాలు. వానాకాలం గోనె తీసేయండి, అప్పుడు గాలిలోనే తేమ ఉంటుంది, తడి వల్ల ఉపయోగం లేదు.

సెలవు రోజున మధ్యాహ్నం గూటి దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. నోరు తెరిచినా నిలబడి తిరుగుతుంటే ఫర్వాలేదు. రెక్కలు ఒంటికి దూరంగా వాల్చి, కళ్లు సగం మూసి, తురాయి పాలిపోయి ఒక మూల కూలబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి మెడ దాకా మామూలు నీళ్లలో ఒక నిమిషం ముంచి గాలికి పెట్టండి. ఐసు నీళ్లు వద్దు. తేరుకున్నాక లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి పెట్టండి.

మేత

కోడికి రోజుకు 110 గ్రాములు. ఐదింటికి 550 గ్రాములు, నెలకు పదహారున్నర కిలోలు. 50 కిలోల లేయర్ మాష్ (గుడ్ల కోళ్లకు అమ్మే పొడి మేత) బస్తా చౌక అని తెస్తే అది మూడు నెలలు వస్తుంది. ఈలోపు తవుడు ముక్కిపోతుంది, వానాకాలమైతే బూజు పడుతుంది. నెలకు సరిపడా తెచ్చుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి బస్తా పంచుకోండి.

ఇంట్లోనే కలుపుకునేవాళ్లు పది కిలోలకు ఇలా తీసుకోవచ్చు: మొక్కజొన్న రవ్వ లేదా జొన్న రవ్వ 5 కిలోలు, తవుడు కిలోన్నర, శెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) కిలోంబావు, సోయా చెక్క కిలోంబావు, సున్నపురాయి నుసి 800 గ్రాములు, ఖనిజ లవణాల పొడి 170 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. చెక్క మొత్తం శెనక్కాయదే వేయొద్దు. కోడికి కావాల్సిన కొన్ని అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తుల్లోని భాగాలు, అందులో తక్కువ, సోయా ఆ లోటు తీరుస్తుంది.

శెనక్కాయ చెక్క గురించి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కాయ ఊరే దశలో బెట్ట తగిలినా, గోదాములో తేమ తగిలినా బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. మన జిల్లాల్లో బెట్ట కొత్త కాదు. మనుషులు తినలేమని పక్కన పెట్టిన బుడ్డలు, ముక్కిన చెక్క ‘కోళ్లకే కదా’ అని వేయడం చాలా ఇళ్లలో ఉంది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గుతాయి, వేసిన టీకా సరిగ్గా పట్టదు. ఉడకబెట్టినా పోదు. చెక్క ముక్కను విరిచి చూడండి. పచ్చగా, బూడిదరంగుగా పొడి కనిపించినా, ముక్క వాసన వచ్చినా పారేయండి.

మేత గొట్టం చేసుకుంటే వారం దాకా చూడక్కర్లేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు మూడడుగులు, కింద ఒక ఎల్బో, పైన ఒక మూత కావాలి. గూటి గోడకు నిలువుగా కట్టి, ఎల్బో మూతి కోడి వీపు ఎత్తులో ఉండేలా చూడండి. అందులో నాలుగు కిలోలు పడతాయి. పొడి మాష్ పైపు లోపల అతుక్కుని జారదు, అందుకే దీనికి క్రంబుల్స్ (పలుకులుగా చేసిన మేత) గానీ గింజలు గానీ వాడాలి. రాత్రి ఎలుకలు రాకుండా మూతికి గుడ్డ దోపండి.

అయితే ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా గొట్టం ఖాళీగా ఉంచండి. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, ఆ వేడి నాలుగైదు గంటలకు ఎక్కువవుతుంది. ఎనిమిదింటికి కడుపు నిండా తిన్న కోడికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం రెండు వేడులు కలుస్తాయి. పొద్దున ఐదున్నరకు మూడో వంతు, సాయంత్రం ఆరింటికి మిగతా రెండు వంతులు వేయండి. గుడ్డు పెంకు ఎక్కువగా రాత్రే తయారవుతుంది కాబట్టి సున్నపురాయి నుసి గిన్నె కూడా సాయంత్రం నిండుగా ఉండాలి. ఎండాకాలంలో ఎంత నుసి పెట్టినా పెంకు పలచనైతే తప్పు నుసిది కాదు. రొప్పినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, పెంకుకు కావాల్సిన సరుకు రక్తంలో తగ్గుతుంది. గూడు చల్లబడితే పెంకు గట్టిపడుతుంది.

మిగిలిన సంగటి, అన్నం వేయొచ్చు. సంగటి ముద్దగా వేస్తే జిగటకు మెడ కింది మేత తిత్తిలో ఇరుక్కుంటుంది, చిదిపి వేయండి. అరగంటలో తినగా మిగిలింది తీసేయాలి, ఎండకు పులుస్తుంది. ఊరగాయ, ఉప్పు ఎక్కువైన కూర వద్దు. మునగాకు, తోటకూర రోజూ ఒక గుప్పెడు కట్టకట్టి వేలాడదీస్తే పొడుచుకుని తింటాయి.

టీకాలు, పేలు

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, వస్తే మందు లేదు. ఆకుపచ్చ రెట్ట, రొప్పు, మెడ మెలితిరగడం కనిపిస్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి టీకా విషయంలో బద్ధకం కూడదు. రాణిఖేత్‌కు లసోటా టీకా మొదటి వారంలో, మశూచి టీకా ఆరో వారంలో, మళ్లీ రాణిఖేత్‌కే ఆర్ టు బి టీకా ఎనిమిదో వారంలో పడి ఉండాలి. ఆ తర్వాత ఎప్పుడెప్పుడు వేయించాలో పశువైద్యశాలలో అడిగి క్యాలెండరు మీద రాసుకోండి. టీకా సీసా తరచూ వంద కోళ్లకు సరిపడా వస్తుంది. ఐదు కోళ్ల కోసం తెరవడం దండగ కాబట్టి వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకోండి. ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచకూడదు. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి.

ఆదివారం అర్ధగంటలో ఊక తిరగేయండి, కుండలు తోమండి, ఒక కోడిని పట్టుకుని తోక కింద ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. గూటి పక్క నీడలో ఒక పాత టబ్బు పెట్టి సగం ఇసుక, సగం కట్టెల బూడిద పోస్తే అందులో అవే పొర్లాడతాయి. పిడుదులు పగలు కర్ర సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. కర్ర చివరలకు, గోడ పగుళ్లకు మూడు నెలలకోసారి చిక్కటి సున్నం పూయండి.

ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు ఒకేసారి చచ్చిపోతే కోసి చూడొద్దు, కాలవలో పారేయొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది మరవకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఉత్త చేతులతో ముట్టకుండా పశువైద్యశాలకు చెప్పండి.

ఊరికి పోవాల్సి వస్తే

కొత్త కోళ్లను మొదటి వారం గూట్లోనే ఉంచండి. ఇల్లు గుర్తుపడితే తర్వాత పొద్దు వాలగానే అవే వచ్చి కర్ర ఎక్కుతాయి. సాయంత్రం లెక్కపెట్టి గడియ వేస్తే సరి. చలికాలంలో రెండు రోజుల ఊరికి గొట్టం నిండా మేత, రెండు కుండలు, ఒక నిపుల్ బకెట్టు చాలు. ఎండాకాలంలో ఊరికి పోతే ఒక్క రోజుకు కూడా ఈ ఏర్పాటును నమ్మొద్దు. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి, ఆ రెండు రోజుల గుడ్లు మీవే అని చెప్పండి. పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి కుండలు చూసి గోనె తడపమనండి. వాళ్ల ఎదురుగా ఒకసారి చేసి చూపించి బయల్దేరండి.