మోడు మీది పుట్టగొడుగు కోసే ముందు: గాలెరీనాతో జాగ్రత్త

పోయిన శనివారం సియాటెల్ దగ్గర అడవికి వెళ్లొచ్చిన ఒక తెలుగు కుటుంబం బుట్ట ఫోటో పంపింది. "అన్నీ హనీ మష్రూమ్సే, రాత్రికి కూర" అన్నారు. హనీ మష్రూమ్ అంటే మోడుల మీద గుత్తులుగా మొలిచే, తినే రకం. వాటిలో మూడు నాకు తేడాగా కనిపించాయి. వెంటనే ఫోన్ చేసి పొయ్యి ఆపించాను. తెల్లారి చూస్తే ఆ మూడింటి నుంచి కాగితం మీద తుప్పు రంగు పొడి రాలి ఉంది. వానలు ఇప్పుడే మొదలయ్యాయి, నాకింకా టెన్షన్ తగ్గలేదు.

గాలెరీనా మార్జినాటా అనే విషపు పుట్టగొడుగు పుచ్చిన కలప మీద మొలుస్తుంది. గోధుమ రంగు చిన్న గొడుగు, కాడకు సన్నని ఉంగరం. డెత్ క్యాప్ అనే ప్రాణాంతక పుట్టగొడుగులో ఉండే, లివర్‌ని పాడుచేసే అమటాక్సిన్ విషాలే ఇందులోనూ ఉంటాయి. పాత పుస్తకాల్లో కనిపించే గాలెరీనా ఆటమ్నాలిస్, వెనెనాటా వేరే జాతులు కావు, ఇదేనని 2001లో డీఎన్‌ఏ పరిశీలనలో తేలింది.

నేను పదే పదే చూసే తప్పు ఒక్కటే. గుత్తిలో ఒకదాన్ని పరీక్షగా చూసి, మిగతావీ అవేననుకుని గుప్పెడు కోసేస్తారు. ఒకే మోడు మీద తినేదీ చంపేదీ పక్కపక్కనే మొలవగలవు. ఒక్కొక్కటీ విడిగా కోయండి, గొడుగు నుంచి కాడ మొదలు దాకా చూడండి.

గొడుగును సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. హనీ మష్రూమ్‌కి తెల్లటి పొడి (విత్తుల్లాంటి స్పోర్లు) రాలుతుంది. గాలెరీనాకి తుప్పు గోధుమ. గాలెరీనాలాగే కనిపించే, తినే రకమైన షీతెడ్ వుడ్‌టఫ్ట్‌కి కూడా గోధుమ పొడే, కాబట్టి దాని దగ్గర ఈ పరీక్ష పనికిరాదు. దాని కాడ మీద, ఉంగరం కింద పొలుసులుంటాయి. గాలెరీనా కాడ మీద వెండి రంగు నారలుంటాయి. వానకి పొలుసులు రాలిపోతాయి. అందుకే నేను వుడ్‌టఫ్ట్ అసలు తినను, మీరూ తినకండి.

ఉంగరం లేదని ధైర్యపడొద్దు, అదీ రాలిపోతుంది.
ఉడికించినా, ఎండబెట్టినా, చింతపండు వేసినా ఈ విషం పోదు.
పురుగు తిన్నదని మీరు తినొద్దు.
యాప్ చెప్పిందని వండొద్దు.
పిల్లల చేత కోయించొద్దు.
గుత్తిని గుత్తిగా కోయొద్దు, మళ్లీ చెబుతున్నాను.
తిన్న ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల లోపు వాంతులు, విరేచనాలు మొదలైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మధ్యలో తగ్గినట్టే ఉంటుంది, లోపల లివర్ పాడవుతూనే ఉంటుంది.
అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222. మిగిలిన పుట్టగొడుగులు పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.