నాణేనికి మోగుతుంది, గొలుసుకి మోగదు: మెటల్ డిటెక్టర్ పేచీలు, సర్దుబాట్లు

స్విచ్చి ఎక్కడుందో, కాయిల్‌ని (కర్ర చివర ఉండే పళ్లెం లాంటి భాగాన్ని) నేలకి ఎంత దగ్గరగా తిప్పాలో ఇక్కడ చెప్పను. అంతవరకు మీకు వచ్చనే అనుకుంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో, తోటల్లో, సముద్రం ఒడ్డున పోయిన వస్తువు వెతికేటప్పుడు మెషిన్ పెట్టే పేచీల గురించే ఇది.

సమస్య: ఊరికే కూస్తోంది

ముందు కాయిల్‌ని నడుం ఎత్తుకి లేపి, కదపకుండా పట్టుకోండి. పది సెకన్లు చాలు. ఈ ఒక్క పని చెయ్యకుండా సెట్టింగులన్నీ గెలికేసి "మెషిన్ పోయింది బాబూ" అని పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ.

గాల్లో కదలకుండా ఉన్నా కూస్తుంటే తప్పు నేలది కాదు. జేబులో ఫోను, పక్క మడిలో మోటారు స్టార్టరు, పైన కరెంటు తీగ, లేదంటే దగ్గర్లో అదే ఫ్రీక్వెన్సీలో (కాయిల్ పంపే తరంగం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) తిరుగుతున్న ఇంకో డిటెక్టర్. ఫోను సైలెంట్‌లో పెడితే సరిపోదు, పూర్తిగా ఆపి దూరంగా పెట్టాలి. మోటారు కాసేపు ఆపించండి. మెషిన్‌లో ఫ్రీక్వెన్సీ కొంచెం పక్కకి జరిపే వీలుంటే జరపండి.

గాల్లో ఊరుకుని, నేల దగ్గరికి దించగానే గోల పెడితే అది మట్టి. గ్రౌండ్ బ్యాలెన్స్ చెయ్యండి, అంటే మట్టి మోతని మెషిన్ పట్టించుకోకుండా సర్దడం. ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రనేలలో పొద్దున ఒకసారి చేసి సాయంత్రం దాకా వదిలేస్తే కుదరదు. పల్లం నుంచి మెట్టకి ఎక్కితే మళ్లీ చెయ్యాలి.

ఊపు చివర మాత్రమే కూస్తే కాయిల్ వైరు వదులుగా ఉండి ఊగుతోంది, కర్రకి బిగించి చుట్టండి. అడుగు వేసినప్పుడల్లా కూస్తే కాళ్ల వైపు చూసుకోండి: మట్టెలు, ఇనుప మొన ఉన్న బూట్లు.

సమస్య: నాణెం వేస్తే మోగుతోంది, పోయిన గొలుసు మాత్రం దొరకడం లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది ఇదే. వరి ఉడుపుల్లోనో, జీడితోటలోనో గొలుసు పోతుంది. అద్దెకి మెషిన్ తెస్తారు. పది రూపాయల బిళ్ల కింద పడేసి చూస్తారు, గట్టిగా మోగుతుంది. ఇంకేం, మెషిన్ బాగుందని మడంతా తిరుగుతారు. దొరకదు. అక్కడితో అనుమానం కూలికొచ్చిన ఆడవాళ్ల మీదకి పోతుంది. గొలుసేమో ఆ మట్టిలోనే ఉంటుంది.

కారణం గొలుసు అల్లికలోనే ఉంది. డిటెక్టర్ పంపే అయస్కాంత క్షేత్రం వల్ల లోహంలో సుడిలాగా కరెంటు తిరుగుతుంది, మెషిన్ పట్టుకునేది దాన్నే. బిళ్లలో, అతుకు విడని ఉంగరంలో ఆ సుడి వస్తువంత పెద్దదిగా తిరుగుతుంది. గొలుసులో ఒక లంకెకీ ఇంకో లంకెకీ తగులు సరిగ్గా ఉండదు కాబట్టి ఏ లంకెలో సుడి ఆ లంకెలోనే ఆగిపోతుంది. మీరు పోగొట్టుకున్నది రెండు తులాల గొలుసే అయినా మెషిన్‌కి కనబడేవి నూకల్లాంటి ముక్కలు. విరిగిన ఉంగరం, ముక్కుపుడక కూడా ఈ జాబితాలోవే. పుస్తెలతాడు పోతే కొంచెం నయం, బిళ్లలాగా ఉంటాయి కనుక పుస్తెల దగ్గర మోగుతుంది. మామూలు గొలుసుకైతే లాకెట్టో, కొక్కెమో ముందు పలుకుతుంది.

ఇలాంటి సన్నటి వస్తువులు పలకాలంటే ఫ్రీక్వెన్సీ ఎక్కువ కావాలి. గారెట్ ఏస్ 250 అనే మెషిన్ పనిచేసేది 6.5 కిలోహెర్ట్జ్ మీద. మందపాటి నాణేలకి, వెండికి అది చక్కగా సరిపోతుంది, సన్న గొలుసుకి మూగబోతుంది. 15 కిలోహెర్ట్జ్ మధ్యరకం. గొలుసు వెతకాలంటే 18, 20 ఉండాలి, 40 ఉంటే మరీ మంచిది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 మెషిన్‌లో 20, 40 రెండూ విడిగా పెట్టుకోవచ్చు, ఈక్వినాక్స్ 600లో 15తో సరి. కొనేముందు ఈ తేడా చూసుకోండి.

ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఉన్నా డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాల మోత నొక్కేసే సెట్టింగు) ముంచుతుంది. చాక్లెట్ రేకు, మాత్రల రేకు మెషిన్ తెర మీద ఏ అంకె దగ్గర పడతాయో సన్న బంగారం కూడా దాదాపు అక్కడే పడుతుంది. ఒక్కోసారి ఇంకా కిందికి, ఇనుము కొలతలోకి జారుతుంది. రేకులతో విసిగిపోయి ఆ మేర కొట్టేశారంటే గొలుసునీ కొట్టేసినట్టే. రేకులు తవ్వే ఓపిక లేకపోతే గొలుసు ఆశ వదులుకోవాలి.

అందుకని వెతకడం మొదలుపెట్టకముందే ఇంట్లోంచి అలాంటి గొలుసే ఇంకోటి తెచ్చి, ఎర్రదారం కట్టి (అదీ పోతే ఆ పూట మీకు అన్నం పెట్టరు), అదే మడిలో నేల మీద పరిచి చూడండి. తర్వాత కుప్పగా వేసి చూడండి, ఆ తర్వాత రెండు వేళ్ల మందం మట్టి కప్పి చూడండి. ఇంటి వాకిట్లో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. మోగకపోతే ఫ్రీక్వెన్సీ పెంచండి, డిస్క్రిమినేషన్ సున్నా చెయ్యండి, ఆరంగుళాల చిన్న కాయిల్ తగిలించండి. సెన్సిటివిటీని (ఎంత చిన్న సంకేతానికి పలకాలో చెప్పే సెట్టింగుని) గోల మొదలయ్యేదాకా పెంచి ఒక మెట్టు తగ్గించండి. వరస మీద వరస పడేలా నిదానంగా తిప్పండి. అప్పటికీ మోగకపోతే ఆ మెషిన్‌తో ఆ వస్తువు దొరకదు, అద్దె దండగ. దమ్ము చేసిన మడిలో గొలుసు అడుగుకి దిగిపోతే ఏ మెషినూ పెద్దగా చెయ్యగలిగింది ఉండదు.

సమస్య: తడి ఇసుకలో పిచ్చెక్కినట్టు మోగుతోంది

కళింగపట్నం, శ్రీకూర్మం వైపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలున్నాయి. అయస్కాంతం లాగి చూడండి, నల్లటి రేణువులు అంటుకుంటాయి. దానికి తోడు ఉప్పునీరు. నల్ల ఇసుకకీ ఉప్పుకీ ఒకేసారి బ్యాలెన్స్ చెయ్యడం ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్ వల్ల కాదు. గొలుసు కోసమని ఫ్రీక్వెన్సీ పెంచితే ఉప్పు ఇంకా గట్టిగా అరుస్తుంది. ఉంగరమైతే మల్టీ ఫ్రీక్వెన్సీ (ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసే) మెషిన్ తీసుకెళ్లండి. సన్న గొలుసైతే ఎక్కడ పడిందో గుర్తున్న చోట జల్లెడ పట్టడమే మేలు, ఇది మెషిన్ అద్దెకిచ్చేవాళ్లు మీకు చెప్పరు.

సమస్య: పాత నాణేలు లోతులో అందడం లేదు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రాగి కాణీలకి, వెండి రూపాయలకి 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ చాలు, కాయిల్ పెద్దది కావాలి. పాత ఇంటి దిబ్బల్లో మేకులు ఎక్కువగా ఉంటే మాత్రం పెద్ద కాయిల్ పనికిరాదు, పక్కనున్న మేకు నాణెం మోతని మింగేస్తుంది. మీ సొంత పొలంలో దొరికినా సరే, పాతుకున్న సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం రక్షిత స్థలాలు, అక్కడ తవ్వితే కేసే. వాటికి ఏ ఫ్రీక్వెన్సీ మంచిదని ఎవరైనా అడిగితే ఫోను పెట్టేస్తాను.

మిగతావి

బోర్డు కాలిపోవడం, కాయిల్‌లోకి నీరు దిగడం చాలా అరుదు. బ్యాటరీ నిండుగా ఉండి, ఇంకో కాయిల్ తగిలించినా అదే వరస అయితే అప్పుడు విప్పించండి.