పరిశోధన పత్రం నుంచి పీరియడ్ దాకా

స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ముప్పై పేజీల పరిశోధన పత్రం పీడీఎఫ్ పెట్టి "అందరూ చదవండి" అంటే చదివేవాళ్లు ఒకరో ఇద్దరో. చదివినవాళ్లు కూడా మర్నాడు పాఠం ఎప్పటిలాగే చెబుతారు. తప్పు టీచర్లది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టించి, ఎవరికి ఏది రావడం లేదో టీచర్లకు రాసి ఇప్పించారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడు ఆ టీచర్లు ఎక్కువ శ్రద్ధగా చెబుతూ కనిపించారు గానీ, పిల్లల మార్కులు మిగతా బడుల పిల్లలకంటే పెరగలేదు. ఇంగ్లండులో వేల బడులకు పరిశోధనల సారాంశాలు పంపి చూసినా పిల్లల చదువులో తేడా కనిపించలేదు. కాగితం చేతికి అందడానికి, పీరియడ్ మారడానికి మధ్య చాలా పని ఉంది. ఆ పని ఎలా చేయాలో చెబుతాం.

చెన్నైలో తెలుగు టీచర్లు పనిచేసే బడులను మనసులో పెట్టుకుని రాసింది ఇది. స్టాఫ్‌రూమ్‌లో తెలుగూ తమిళమూ రెండూ వినిపిస్తాయి, సెప్టెంబరులో క్వార్టర్లీ, డిసెంబరులో హాఫ్ ఇయర్లీ, మధ్యలో వానలు.

ముందు ఫిర్యాదు, తర్వాత పేపరు

పరిశోధన పేపరు దొరికింది కదా అని మొదలుపెట్టకండి. స్టాఫ్‌రూమ్‌లో రోజూ వినిపించే ఫిర్యాదుతో మొదలుపెట్టండి. "నిన్న చెప్పింది ఇవాళ అడిగితే తెల్లమొహం వేస్తున్నారు" అన్నది ఏ బడిలోనైనా వినిపిస్తుంది. ఈ గైడ్‌లో దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక టర్ముకు ఒక్క ఫిర్యాదు, దానికి ఒక్క ఆలోచన, అంతే. అది హెచ్‌ఎం గారి నుంచి కాక పాఠం చెప్పేవాళ్ల నుంచి రావాలి. పైనుంచి వచ్చింది సర్క్యులర్‌లా రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఆగిపోతుంది.

వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు. పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో పేపరు పేరు కింద అన్ని వెర్షన్లూ చూపించే లింకు ఉంటుంది. రచయిత తన పేజీలో పెట్టుకున్న ఉచిత కాపీ తరచుగా అక్కడే దొరుకుతుంది. అమెరికా విద్యాశాఖ నడిపే విద్యా పరిశోధనల డేటాబేస్ ఎరిక్‌లో పూర్తి పాఠం ఉన్నవాటిని మాత్రమే చూపమని అడగవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కో ప్రయోగాన్ని కాక, చాలా ప్రయోగాలను కలిపి తూచిన సమీక్షను ముందు చదవాలి. 2013లో డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతులను అలా తూచింది. తమను తాము పరీక్షించుకోవడం, విడతలుగా చదవడం పైన నిలిచాయి. మళ్లీ మళ్లీ చదవడం, గీతలు గీయడం అడుగున పడ్డాయి. మన పిల్లలు పరీక్షల ముందు చేసేవి ఎక్కువగా ఆ అడుగువే.

జల్లెడ పట్టడం కూడా ఇక్కడే. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని విడదీసి పాఠం చెప్పాలని ట్రైనింగుల్లో ఇంకా చెబుతున్నారు. 2008లో పాష్లర్ బృందం చేసిన సమీక్షలో, అలా విడదీసి బోధించడాన్ని సమర్థించే సరైన ఆధారం దొరకలేదు. ఇలాంటివి పంచకపోవడం కూడా పంచడంలో భాగమే.

పేపరు చదివేటప్పుడు అడగాల్సినవి

ఎవరి మీద చేశారు? దేనితో పోల్చారు? ఎన్నాళ్ల తర్వాత కొలిచారు? తేడా ఎంత? ఈ నాలుగింటికీ జవాబు రాయలేకపోతే ఆ పేపరు ఇంకా పంచే స్థితిలో లేనట్టే.

రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగం తీసుకోండి. కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. మిగతావాళ్లు మళ్లీ చదవకుండా, గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: మళ్లీ చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56.

ఈ నాలుగు అంకెల్లోనే మన ఫిర్యాదుకు జవాబుంది. పాఠం చదివించి వెంటనే అడిగితే అందరూ చెబుతారు, టీచరుకు వచ్చేసిందనిపిస్తుంది, పిల్లవాడికీ అలాగే అనిపిస్తుంది. వారం గడిచాక గానీ అసలు సంగతి బయటపడదు. "ఎన్నాళ్ల తర్వాత కొలిచారు" అన్న ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం అనేది అందుకే.

తేడా ఎంత అన్నచోట చాలా పేపర్లు ఎఫెక్ట్ సైజ్ అని 0.2, 0.4 లాంటి అంకె ఇస్తాయి. దాన్ని మార్కుల్లోకి మార్చి చెప్పండి. మీ తరగతి మార్కుల స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 15 అనుకుంటే, 0.2 అంటే సగటున 3 మార్కులు. మూడు మార్కులు తక్కువేమీ కాదు, అద్భుతమూ కాదు. అలాగే చెప్పండి. ఎక్కువ ఆశ పెడితే రెండో నెలకే నమ్మకం పోతుంది.

ఒక్క పేజీ

ఏ4 కాగితం, ఒకవైపు. పైన ఫిర్యాదు, టీచర్లు అన్న మాటల్లోనే. దాని కింద పరిశోధన ఏం కనుగొందో మూడు వాక్యాల్లో, అంకెలతో. తర్వాత రేపటి పీరియడ్‌లో చేయాల్సిన పని, నిమిషాలతో సహా. చివర "ఇది మన బడికి ఎంతవరకు వర్తిస్తుంది" అన్న భాగం. చాలామంది వదిలేసేది ఈ చివరిదాన్నే.

తెలుగు టీచరు సంధుల కోసం తయారుచేసే పేజీ ఎలా ఉంటుందో చూడండి. రోరర్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో ఏడో తరగతి లెక్కల పిల్లలు 787 మంది, 54 సెక్షన్లు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లకు, నెల తర్వాత చెప్పకుండా పెట్టిన పరీక్షలో 38 శాతం వస్తే, రకాలు కలిపి చేసినవాళ్లకు 61 శాతం వచ్చింది. మన అభ్యాసాల్లో సవర్ణదీర్ఘ సంధి పదాలన్నీ ఒకచోటే ఇస్తారు. పిల్లవాడు పదం చూడకుండానే సంధి పేరు రాసేస్తాడు. కలిపి ఇవ్వండి: దేవాలయం, మహేంద్రుడు, అత్యంతం, ఏకైక, ప్రత్యేకం, మహోన్నతం. ఇప్పుడు ప్రతి పదం దగ్గరా విడదీసి, ఏ అచ్చుకు ఏ అచ్చు పరమైందో చూసి తీరాలి. పేజీ చివర మాత్రం "ప్రయోగం లెక్కల్లో జరిగింది, సంధులకు వర్తిస్తుందన్నది మన అంచనా, పరీక్షించి చూడాలి" అని స్పష్టంగా రాయండి.

భాష విషయంలో ఒక మాట. తెలుగు పేజీని తమిళంలోకి మార్చే పని తమిళ టీచరుకే ఇవ్వండి. తన సబ్జెక్టు నుంచి తన ఉదాహరణ వేసుకుంటేనే ఆ పేజీ ఆమెది అవుతుంది. "రిట్రీవల్ ప్రాక్టీస్" లాంటి పేర్లు ఎక్కడా వద్దు, "పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం" చాలు. గ్రూపులో పేపరు లింకు, ఈ పేజీ పెట్టండి. పీడీఎఫ్ పెట్టకండి.

మీటింగు, ఆ తర్వాత తరగతి

స్టాఫ్ మీటింగులో పాతిక నిమిషాలు అడగండి. ఉపన్యాసం వద్దు. ఒక పేరా ఇచ్చి సగం మందిని రెండుసార్లు చదవమనండి, సగం మందిని ఒకసారి చదివి గుర్తున్నది రాయమనండి. వచ్చే వారం మీటింగులో ఏమీ చెప్పకుండా ఆ పేరా గురించే అడగండి. ఇంత తక్కువమందితో తేడా కనిపించకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. పది మాటల కంటే రాసేటప్పుడు తగిలే ఆ ఇబ్బందే వాళ్లకు ఎక్కువ చెబుతుంది.

తరగతిలో: పీరియడ్ మొదటి ఆరు నిమిషాలు. బోర్డు మీద నాలుగు ప్రశ్నలు: రెండు నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి పోయిన నెల నుంచి. అందరూ రఫ్ నోట్‌బుక్‌లో పుస్తకం చూడకుండా రాయాలి. నాలుగు నిమిషాలు రాయడానికి, రెండు నిమిషాలు జవాబులు చెప్పి ఎవరికివాళ్లు దిద్దుకోవడానికి.

చెడేది ఎక్కడో ముందే తెలిసి ఉండాలి. మొదటిది మార్కులు. స్లిప్ టెస్టులా మార్కులు వేసి ఇంటికి పంపితే పిల్లలు పక్కవాళ్లది చూసి రాస్తారు. గుర్తుచేసుకునే పనే జరగదు. రెండోది కోరస్. నోటితో అడిగితే ముందు బెంచీలు చెబుతాయి, మిగతావాళ్లు పెదాలు కదుపుతారు. మూడోది జవాబు చెప్పకుండా పాఠంలోకి వెళ్లిపోవడం. తప్పు రాసిన పిల్లవాడు ఆ తప్పుతోనే మిగిలిపోతాడు. ప్రశ్నలు మరీ కష్టమై ఎవరూ ఏమీ రాయలేకపోయినా లాభం లేదు. సగానికి పైగా పిల్లలు కనీసం రెండు రాయగలిగేలా చూసుకోండి. ఆరు నిమిషాలు ఇరవై అయితే, సిలబస్ కాలేదని రెండో వారానికే మానేస్తారు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి.

వానలకు సెలవులు పడితే చాలామంది ఆ ఆరు నిమిషాలనే ముందు కోసేస్తారు. అలా చేయకండి. మరిచిపోవడం మొదలయ్యాక గుర్తుచేసుకోవడమే ఇక్కడ సాధన, సెలవులు దానికి విరామం సమకూర్చి పెట్టినట్టే.

పనిచేసిందో లేదో

ఒకే టీచరు ఏ, బీ సెక్షన్లకు చెబుతుంటే, ఆరు వారాలు ఏ సెక్షన్‌లో మాత్రమే చేయాలి. తర్వాత రెండింటికీ చెప్పకుండా పది ప్రశ్నల పరీక్ష పెట్టి, పేర్లు మూసి, ఇంకో టీచరు చేత దిద్దించండి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీసిన బడిలో ఈ పోలిక చెల్లదు. అక్కడ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పరీక్ష పెట్టి రెండు సెక్షన్ల పెరుగుదలను పోల్చుకోవడమే కాస్త నయం. తర్వాతి ఆరు వారాలు బీ సెక్షన్‌కు కూడా ఇవ్వాలి, ఏ పిల్లవాడూ నష్టపోకూడదు. పంచే పట్టికలో పిల్లల పేర్లు ఉండకూడదు.

ఫలితం ఎలా వచ్చినా ఆ ఒక్క పేజీ వెనకవైపే రాయండి: తేదీ, తరగతి, ఎన్ని రోజులు నిజంగా చేశారు, ఎన్ని రోజులు తప్పాయి, రెండు సెక్షన్ల సగటు, ఏది కుదరలేదు. తేడా రాకపోతే అదీ రాయాలి. స్టాఫ్‌రూమ్ బీరువాలో అందరికీ అందే ఫైలులో పెట్టి, జూన్‌లో కొత్తగా చేరే టీచరుకు టైంటేబుల్‌తో పాటు ఆ ఫైలు కూడా చేతికివ్వండి.