ఈవీఎం చిప్ తనిఖీకి దరఖాస్తు: వరంగల్ సెగ్మెంట్లలో ఎవరు, ఎక్కడ, ఎలా

ఈవీఎం చిప్‌ను ట్యాంపర్ చేశారేమో తనిఖీ చేయమని స్వచ్ఛంద సంస్థ లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెడితే తీసుకోరు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఈ తనిఖీకి వీలు కల్పించింది ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులోనే. అయినా అడిగే హక్కు మాత్రం ఓట్లలో రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులకే ఇచ్చింది. సంస్థల వాలంటీర్లకు మిగిలింది కాగితాల పని. దరఖాస్తు నిలబడేదీ ఆ కాగితాల మీదే.

ఫలితం ప్రకటించిన 7 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కు, రాతపూర్వకంగా ఇవ్వాలి. వరంగల్ లోక్‌సభ స్థానం ఒక్క జిల్లాలో లేదు. వరంగల్ పశ్చిమ హన్మకొండ జిల్లాలోకి వస్తుంది, పాలకుర్తి జనగామలోకి. అన్నిటికీ ఒకే కలెక్టరేట్ అనుకుని వెళ్తే ఒక రోజు పోయినట్టే.

ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో 5 శాతం ఈవీఎంల వరకు అడగవచ్చు. 240 పోలింగ్ కేంద్రాలుంటే 12 సెట్లు. సెట్ అంటే ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్, ఓటు స్లిప్పు ముద్రించే వీవీప్యాట్ మూడూ. ఖర్చు అభ్యర్థిదే, 2024లో సెట్‌కు 40,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 47,200. ఆ లెక్కన 12 సెట్లకు 5,66,400. ఇప్పటి రేటు ఎంతో, ఎలా కట్టాలో కలెక్టరేట్ ఎన్నికల విభాగంలో అడిగాకే డబ్బు సర్దుకోండి. యంత్రాన్ని ట్యాంపర్ చేసినట్టు తేలితే కట్టింది వాపసు ఇస్తారు.

యంత్రాన్ని పోలింగ్ కేంద్రం నంబరుతో గానీ సీరియల్ నంబరుతో గానీ చూపాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ నంబర్ల దగ్గరే. పోలింగ్‌కు ముందు ఇచ్చిన యంత్రాల జాబితా చూసి నంబర్లు ఎక్కించకండి. పోలింగ్ మధ్యలో కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ మొరాయిస్తే సెట్ మొత్తం మారుస్తారు. వీవీప్యాట్ ఒక్కటే ఆగితే అదొక్కటే మారుస్తారు. నిజంగా ఓట్లు పడిన యంత్రం ఏదో, కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలో ఉంటుంది. పోలింగ్ ముగిశాక ఏజెంటుకు ఇచ్చే ఆ కాపీని ఆ రాత్రే ఫోటో తీసి, కేంద్రం నంబరుతో దాచండి.

ఫలితాన్ని కోర్టులో సవాలు చేసే ఎన్నికల పిటిషన్ వేయడానికి 45 రోజుల గడువుంది కాబట్టి అది దాటేదాకా తనిఖీ మొదలవ్వదు. తర్వాత తయారీ సంస్థల ఇంజినీర్లు, అంటే హైదరాబాద్ ఈసీఐఎల్ లేదా బెంగళూరు బీఈఎల్ వాళ్లు, చిప్‌లోని బర్న్‌ట్ మెమరీని, అంటే ప్రోగ్రామ్ శాశ్వతంగా ఎక్కించిన భాగాన్ని, పరీక్షిస్తారు. అభ్యర్థులంతా గానీ వాళ్ల ప్రతినిధులు గానీ దగ్గరుండి చూడవచ్చు.

ఇది రీకౌంటింగ్ కాదు. వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించమనాలంటే ఫలితం ప్రకటించక ముందే, కౌంటింగ్ హాల్లోనే రిటర్నింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగాలి.