బీరువాలోని పుస్తకం ఫోన్ దాకా: చెన్నైలో చిన్న తెలుగు గ్రంథాలయాలకు

టీ నగర్‌లోనో మైలాపూర్‌లోనో ఒక సంఘం భవనం. నాలుగైదు వేల తెలుగు పుస్తకాలు, వారంలో నాలుగు సాయంత్రాలు తెరిచే తలుపు, ఒక లైబ్రేరియన్, ఇద్దరు వాలంటీర్లు. కింద చెప్పే పద్ధతంతా ఈ కొలతకు సరిపోయేది. ఊరి చివర సిరుసేరి ఐటీ పార్కులో ఉద్యోగం చేసే పాఠకుడు 25, 30 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో వచ్చాక "అది నిన్ననే ఎవరో పట్టుకెళ్లారండీ" అని వినాల్సి రాకూడదు. పాఠకుడి కాలం ఆదా చెయ్యమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే ఐదు సూత్రాల్లో నాలుగోదిగా రాశారు. ఆయన 1924 నుంచి గ్రంథపాలకుడిగా పనిచేసింది ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో. ఆ సూత్రానికి ఇప్పుడు చవకగా దొరికే పనిముట్టు వాట్సాప్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తర్వాత చూసుకోవచ్చు.

ముందు నంబరు

లైబ్రేరియన్ సొంత నంబరుతో మొదలుపెట్టకండి. ఆయన మానేసిన రోజున పాఠకులంతా ఆయన ఫోన్‌తోపాటే వెళ్లిపోతారు. సంఘం పేరున ఒక సిమ్ తీసుకుని, పాత ఫోన్ ఒకదాంట్లో వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టండి. భవనంలో ల్యాండ్‌లైన్ ఉంటే ఆ నంబరుతోనూ ఖాతా తెరవచ్చు. ఎస్ఎంఎస్ బదులు కాల్ అడిగితే 6 అంకెల కోడ్ చదివి వినిపిస్తుంది, ఆ సమయానికి రిసీవర్ దగ్గర ఒకరుంటే చాలు. ఖాతాకు రెండో తాళం లాంటి టూ స్టెప్ పిన్‌ను రిజిస్టర్ వెనక అట్ట మీద రాయకండి, కార్యదర్శి దగ్గర కవర్లో ఉంచండి. రీచార్జ్ తేదీ మాత్రం గోడ క్యాలెండర్ మీద రాయండి. నెలల తరబడి రీచార్జ్ లేక నంబరు రద్దయితే అది ఇంకొకరి చేతికి పోతుంది.

యాప్‌లో పనికొచ్చేవి మూడు. లేబుళ్లు: "ఉంచమన్నారు", "బాకీ", "కొనమన్నారు" అని మూడు పెట్టుకుంటే ఎవరి మెసేజ్ ఏ పని మీద వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. క్విక్ రిప్లైలు: వేళలు, సభ్యత్వం ఫీజు, దారి చెప్పే లింకు రోజూ టైపు చెయ్యకుండా సేవ్ చేసుకోవచ్చు. ఎవే మెసేజ్ (away message): లైబ్రరీ మూసి ఉన్నప్పుడు "ఈసారి తెరిచే రోజు సాయంత్రం 5 తర్వాత జవాబిస్తాం" అని దానంతట అదే వెళ్తుంది. ఆ మాట మీద నిలబడండి. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి అడిగేవాళ్లుండరు.

గ్రూపు కాదు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు

ఉత్సాహం కొద్దీ అందరూ చేసే పని సభ్యులందరితో గ్రూపు పెట్టడం. రెండు వారాల్లో శుభోదయాలు, నెలకల్లా రాజకీయాలు, ఆ తర్వాత హీరోల అభిమానుల తగాదా. అంతకన్నా పెద్ద చిక్కు, ప్రతి సభ్యురాలి నంబరూ ముక్కూ మొహం తెలియనివాళ్లకు కనిపించడం. అందుకే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, ఒకరి నంబరు ఒకరికి కనబడదు, జవాబు నేరుగా మీకే వస్తుంది. ఛానల్‌లోనూ నంబర్లు దాగుతాయి గానీ అక్కడ పాఠకుడు తిరిగి మాట్లాడలేడు, బొమ్మ నొక్కి ఊరుకుంటాడు. మనకు కావాల్సింది అతని మాట.

లిస్టుతో ఒక మెలిక ఉంది. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు మెసేజ్ చేరదు, చేరలేదని మీకు చెప్పదు కూడా. ఒక్క టిక్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి సభ్యత్వం కార్డు ఇచ్చేటప్పుడే, ఆ మనిషి ఎదురుగా ఉండగానే, నంబరు సేవ్ చేయించి "నమస్తే" అని పంపించుకోండి. దరఖాస్తులో "వాట్సాప్‌లో సమాచారం పంపవచ్చు" అన్న వాక్యం పక్కన సంతకానికి చోటు వదలండి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం అంగీకారం కావాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి.

వారానికి ఒక్క మెసేజ్ చాలు, శనివారం ఉదయం. ఆదివారం వచ్చేవాళ్లు అప్పుడే ఆలోచిస్తారు. మెసేజ్ ఇలా ఉంటే పని జరుగుతుంది:

"రాయలసీమ కథల సంకలనం. 212 పేజీలు, అక్షరాలు పెద్దవి. కరవు మీద తొమ్మిది కథలు, వాటిలో రెండు నవ్విస్తాయి. బీరువా 6, రెండో అర. కావాలంటే '6' అని పంపండి, ఆదివారం సాయంత్రం 7 దాకా కౌంటర్లో మీ పేరున ఉంచుతాం."

అక్షరాల సైజు ఎందుకంటే, మీ పాఠకుల్లో చాలామందికి అదే మొదటి ప్రశ్న. "అద్భుతమైన పుస్తకం, తప్పక చదవండి" అన్న మెసేజ్‌కు జవాబు రాదు. ఒక్క అంకె పంపితే సరిపోయేలా అడగండి, తెలుగు టైపింగ్ రానివాళ్లూ అడుగుతారు. అడిగినవాళ్లలో మొదటివాళ్లకు పుస్తకం, మిగతావాళ్లకు వరస సంఖ్య చెప్పండి.

బాకీ పుస్తకాలను గుర్తుచేసే మెసేజ్ విడిగా, మర్యాదగా, ఒక్కరికే వెళ్లాలి. బాకీదారుల పేర్లు నలుగురూ చూసేచోట పెడితే పుస్తకమూ రాదు, మనిషీ రాడు.

అట్ట ఫొటో

ప్లాస్టిక్ తొడుగు వేసిన పుస్తకాన్ని ట్యూబ్‌లైట్ కింద తీస్తే పేరు మీదే తెల్లటి గీత పడుతుంది. ఉదయం పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట, నేల మీద పరిచిన తెల్ల కాగితం మీద పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను పుస్తకానికి సమాంతరంగా పట్టుకుని పైనుంచి తీయండి. ఫోన్‌ను వంచి పట్టుకుంటే ఫొటోలో అట్ట పైకి సన్నబడుతుంది.

జాబితా: అసలు శ్రమ ఇక్కడే

ఏ పుస్తకాలున్నాయో పాఠకుడికి తెలియకపోతే పైన చెప్పినదంతా అలంకారమే. చాలా సంఘాల్లో జాబితా ఎప్పుడో డీటీపీ చేయించిందే ఉంటుంది, అదీ అనూ ఫాంట్లలో. అందులోంచి ఒక పేరు కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. అర్థంలేని గుర్తులు వస్తే అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఏ సెర్చ్‌లోనూ దొరకదు. మార్చే కన్వర్టర్లున్నాయి. అయితే మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి, ముఖ్యంగా ర ఒత్తు. రోజుకు 100 పేర్ల చొప్పున దిద్దినా 4,000 పుస్తకాలకు 40 రోజులు. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.

గూగుల్ షీట్‌లో ఇవి చాలు: ఎక్సెషన్ నంబరు (పుస్తకం చేరినప్పుడు రిజిస్టర్‌లో దానికిచ్చే వరస సంఖ్య), తెలుగులో పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, రచయిత, బీరువా, అర, "ఉంది/బయట ఉంది". ఇంగ్లీషు అక్షరాల కాలమ్ వదిలెయ్యకండి. ఇక్కడ పెరిగిన తెలుగువాళ్లు చాలామంది ఫోన్లో అలాగే వెతుకుతారు, అదీ తలా ఒక రకంగా. ఒక్కో పేరుకు రెండు మూడు స్పెల్లింగులు పక్కపక్కనే రాయండి. తెలుగు కాలమ్‌లోనూ ఒక చిక్కు దాగుంది. "హౌస్‌ఫుల్" లాంటి మాటలో స కింద ఫ ఒత్తుగా చేరకుండా కొన్ని కీబోర్డులు కనిపించని గుర్తు ఒకటి పెడతాయి. ఒకరు దాంతో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే పుస్తకం అరలో ఉన్నా సెర్చ్‌లో ఉండదు. టైపు చేసేది ఒక్కరే, ఒక్క కీబోర్డే అయితే ఈ బాధ తగ్గుతుంది.

షీట్‌ను "చూడ్డానికి మాత్రమే" అని పంచండి. ఎవరు తీసుకెళ్లారన్నది అందులో అసలు ఉండకూడదు, దానికి వేరే ఫైలు. లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి గడువు తేదీ చీటీ మీద కనీసం 2 సెంటీమీటర్ల సైజులో ముద్రించండి. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తే గళ్లు అలుక్కుపోయి స్కాన్ కాదు. ప్రతిసారీ అసలు ఫైలు నుంచే ప్రింటు తీయండి. సంఘానికి సర్వర్ చూసుకునే మనిషి దొరికితే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. ఉచితమే, పాఠకులు అభిప్రాయాలు రాయొచ్చు, ఏ పుస్తకం కొనాలో సూచించొచ్చు. ఆ మనిషి లేకపోతే మాత్రం దాని జోలికి పోకండి.

పాత ఫొటోలు

2008లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ ఫ్లికర్‌లో పాత ఫొటోలు పెట్టి, వాటిలో ఎవరున్నారో, ఏ చోటో చెప్పమని జనాన్ని అడిగింది. జనం చెప్పారు, లైబ్రరీ సరిచూసి తన రికార్డుల్లో చేర్చుకుంది. తెలుగు సినిమా కోడంబాక్కంలో ఉన్న రోజుల నాటి సంఘాల సభల ఫొటోలు మన బీరువాల్లో పేర్లు లేకుండా పడి ఉన్నాయి. ఈ పనికి ఫేస్‌బుక్ బాగా సరిపోతుంది, ఆ వయసువాళ్లు అక్కడే ఉంటారు. ప్రొఫైల్ కాదు, పేజీ తెరవండి. ప్రొఫైల్‌లో స్నేహితుల సంఖ్య 5,000 దగ్గర ఆగిపోతుంది. పూర్తి అధికారం ఇద్దరికివ్వండి.

ఫొటోను 600 డీపీఐ స్పష్టతలో స్కాన్ చేసి దాచుకుని, చిన్న కాపీ మాత్రమే పెట్టండి. మనుషుల మీద చిన్న అంకెలు వేసి "3 ఎవరు? ఏ హాలు?" అని అడగండి. ఒక్కరు చెప్పిన పేరు పెన్సిల్‌తో, ఇద్దరు విడివిడిగా చెప్పింది పెన్నుతో. ఇంటివాళ్లు తీసెయ్యమంటే వాదన లేకుండా అదే రోజు తీసెయ్యాలి.

చదవలేని పిల్లలు

తమిళనాడు బడుల్లో 2006 చట్టంతో తమిళం తప్పనిసరైంది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లల్లో అక్షరాలు రానివాళ్లు ఎందరో. వాళ్లకు చదివి వినిపించిన కథే దారి. తల్లిదండ్రుల ఫోన్‌కు 2, 3 నిమిషాల వాయిస్ మెసేజ్, కథ మధ్యలో ఆపి "మిగతాది పుస్తకంలో, ఆదివారం రండి" అని. ఫ్యాన్ ఆపి రికార్డు చెయ్యండి, చెన్నైలో కష్టమే గానీ మూడు నిమిషాలే కదా.

ఏ కథ చదవొచ్చో చూసుకోండి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ, 1961లో పోయిన శ్రీపాద రచనలకు అడ్డు లేదు. 1979లో పోయిన చలానికి 2039 చివరిదాకా ఆగాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. పుస్తకాన్ని పరిచయం చేస్తూ నాలుగు వాక్యాలు ఉదహరించడం వేరు, కథంతా చదివి పంపడం వేరు. ఎవరైనా కొత్త పుస్తకం పీడీఎఫ్ పంపితే ముందుకు పంపకండి.

సభలను యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఫోన్ నుంచి లైవ్‌కు 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, మొదటిసారి అనుమతికి 24 గంటల దాకా పట్టొచ్చు. సభ రోజు సాయంత్రం గుర్తొస్తే లాభం లేదు. సభ మొదలయ్యే ముందు సినిమా పాట వేస్తే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. ఇన్‌స్టాగ్రామ్ సంగతి, అది రోజూ వాడే కుర్రవాళ్లెవరైనా చేతికొచ్చాక చూద్దాం.

పని జరుగుతోందో లేదో లైకుల్లో తెలియదు. ఇచ్చిన పుస్తకాల రిజిస్టర్‌లో ఒక సన్న గడి గీసి, వాట్సాప్‌లో అడిగినదైతే "వా", ఫోన్ చేసి అడిగితే "ఫో", నేరుగా వస్తే గీత పెట్టండి. మూడు నెలలకు ఒకసారి లెక్కపెట్టండి. "వా"లు పెరగకపోతే శనివారం మెసేజ్‌ను ఆదివారం సాయంత్రానికి మార్చి, ఇంకో మూడు నెలలు చూడండి.